చర్మానికి రాసుకొనే దినుసులు – వాటి గుణదోషాలు



వ్యవసాయ విస్తరణాధికారి విత్తనం గురించో, పురుగుమందు గురించో చెబుతాడు గాని, చర్మానికి రాసుకొనే వస్తువులను గురించి చెప్పడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చును. నవ్వుకోండి, తప్పులేదు. కాని ముందుగా ఒక్క మాట అడుగుతాను. మా జంగారెడ్డిగూడెం చుట్టుపట్ల వర్జీనియా పొగాకు వేసే రైతు ఎరువుల దుకాణానికి వెళ్ళి పొటాష్ అడిగాడనుకోండి. దుకాణదారు చేతికందిన బస్తా ఏదో ఇస్తే పుచ్చుకొంటాడా? పుచ్చుకోడు. "మ్యూరియేట్ వద్దండీ, సల్ఫేట్ ఇవ్వండి" అంటాడు. రెండూ పొటాషే గదా! మరి ఎందుకీ పట్టింపు? మ్యూరియేట్‌లో పొటాష్ వెంట క్లోరైడ్ వస్తుంది. అది ఆకులో చేరితే ఆకు సరిగా కాలదు, వేలం దగ్గర ధర పడిపోతుంది. ఈ సంగతి మన రైతుకు కంఠోపాఠం.

బస్తాలో ఏమున్నదో, దాని వెంట ఏమి వస్తుందో ఇంత జాగ్రత్తగా చూసుకొనే మనిషి, తన ఇంట్లో సబ్బు బిళ్ళ మీద, మొహానికి రాసుకొనే క్రీము డబ్బా మీద ఏమి వ్రాసి ఉన్నదో ఎన్నడైనా చదివాడా? చదవలేదు. నేనూ చదవలేదు. చదవకపోతే ఏమవుతుందో ఒక ఆవిడ చేతులు చూసిన తరువాత నాకు తెలిసివచ్చింది.

కొన్ని సంవత్సరాల క్రిందట, జనవరి నెలలో, రెలుపులు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఒక బ్యారన్ దగ్గరకు వెళ్ళాను. అక్కడ పది పన్నెండుమంది ఆడవారు ఆకు కర్రలకు కడుతున్నారు. అందులో ఒక ఆవిడ నన్ను చూడగానే చేతులు కొంగు చాటున పెట్టుకొన్నది. ఏమక్కా, దెబ్బ తగిలిందా అని అడిగాను. మొదట చెప్పలేదు. పక్కనున్నవారు పోరగా పోరగా చేతులు చాచింది. అరచేతులు నల్లగా జిగురు పట్టి ఉన్నవి. వేళ్ళ కణుపుల దగ్గర బీటలు. ఎండిన చెరువు అడుగు ఎలా ఉంటుందో అలా ఉన్నవి.

"దేంతో కడుగుతావమ్మా?" అన్నాను.

"కిరసనాయిలండి బాబుగారూ. ఆయ్. లేకపోతే ఈ బంక వదలదండి. నాలుగేళ్ళ నుంచీ అదే" అన్నది.

నేను ఊరుకోవద్దా! వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి, అడిగినా అడగకపోయినా సలహా చెప్పడం అలవాటైపోయింది. "కిరసనాయిలు మానేసి నిమ్మచెక్క, ఉప్పు పెట్టి రుద్దుకో. నిమ్మకాయ మంచిది" అని చెప్పి వచ్చేశాను. వారం తరువాత మళ్ళీ వెళితే ఆవిడ కనబడలేదు. పనికి రావడం లేదన్నారు. ఇంటికి వెళ్ళాను. బీటలలో నిమ్మరసం, ఉప్పు పడి మంటెత్తి, ఆ పైన ఎండలో పనిచేసినందువల్ల చేతులు కమిలి బొబ్బలెక్కినవి. నన్ను ఒక్క మాట అనలేదు. "అన్నం కలుపుకోలేకపోతున్నానండి, గరిటెతో తింటున్నాను. పిల్లాడి చెంప నిమురుదామంటే నా చెయ్యి వాడికి గుచ్చుకొంటుందంట, మొహం తిప్పేసుకొంటున్నాడండి" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భూసార పరీక్ష లేకుండా ఎరువు చెప్పకూడదని ఊరూరా చెప్పే నేను, చర్మం సంగతి గాని నిమ్మకాయ సంగతి గాని తెలియకుండా మందు చెప్పాను. ఆ తరువాత ఏరియా ఆసుపత్రిలోని డాక్టరుగారిని అడిగి, పుస్తకాలు చదివి నేర్చుకొన్నదే ఈ రోజు మీకు చెబుతున్నాను. నేను వైద్యుణ్ణి కాను. రోగానికి మందు చెప్పను. ఇంట్లో మనం రోజూ వాడే దినుసు ఏ పని చేస్తుంది, ఏ పని చెయ్యదు అన్నంతవరకే చెబుతాను.

ముందు చర్మం సంగతి. మన చర్మంలో పైపొర చాలా పలుచన. దానిని గోడతో పోల్చవచ్చును. మృతకణాలు ఇటుకల వంటివి. వాటి మధ్య కొవ్వు పదార్థం సున్నపు అడుసు వంటిది. ఈ గోడ రెండు పనులు చేస్తుంది. లోపలి తడిని బయటకు పోనివ్వదు. బయటి విషాన్ని లోపలికి రానివ్వదు. కిరసనాయిలు, పెట్రోలు, బట్టల సోడా, ఘాటైన డిటర్జెంటు పొడి – ఇవన్నీ ఇటుకల మధ్యనున్న అడుసును కడిగివేస్తాయి. జిగురు పోతుంది, నిజమే. దానితోపాటు గోడలోని అడుసు కూడా పోతుంది. తరువాత చర్మం ఎండి బీటలు వారుతుంది.

మీ భూసార పరీక్ష కార్డులో పి.హెచ్. అని ఒక అంకె ఉంటుంది. ఏడుకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. చౌడు నేలలో అంకె ఎక్కువ ఉంటుందని మీకు తెలుసు. చర్మానికీ ఈ అంకె ఉన్నది. ఆరోగ్యమైన చర్మం పైన అది సుమారు ఐదు, అంటే కొద్దిగా ఆమ్లపు వైపు. మామూలు సబ్బు తొమ్మిది, పది. నిమ్మరసం సుమారు రెండు. తడిపిన సున్నం పన్నెండు. కొంచెం పక్కకు జరిగితే చర్మం తనంతట తాను సర్దుకొంటుంది. రెండుకో పన్నెండుకో లాగితే తట్టుకోలేదు. ఇప్పుడు అర్థమైంది గదా, నేను చెప్పిన నిమ్మచెక్క ఆ పగిలిన చేతులకు ఏమి చేసిందో!

నిమ్మకాయలో ఇంకొక గుణం ఉన్నది. దాని తొక్కలో, రసంలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే అక్కడ కమిలి, బొబ్బలు లేచి, తరువాత నల్లమచ్చ పడుతుంది. ఆ జాతి పదార్థమే బావంచాలలో కూడా ఉన్నది. మన పెద్దలు సున్నిపిండిలో పెసలు, కచ్చూరాలతోపాటు బావంచాలు వేస్తారు. బొల్లి మచ్చలకు వైద్యంలో బావంచాలను వాడి ఎండ చూపించడం కూడా అందువల్లనే. కాబట్టి బావంచాలు వేసిన నలుగు పెట్టుకొంటే బాగా కడుక్కొని నీడపట్టున ఉండవలె గాని, వెంటనే ఎండలో పొలానికి పోకూడదు. రోజూ పొలం పనికి పోయేవారు సున్నిపిండిలో బావంచాలు మానివేయడమే మేలు. పెసరపిండి ఒక్కటే చాలు. అది మురికిని పీల్చుకొంటుంది, గోడను అంతగా పాడుచెయ్యదు. పగిలిన చర్మం మీద మాత్రం ఏ పిండీ పెట్టి రుద్దవద్దు.

ఇక దినుసుల పని ఏమిటో చూద్దాము. మెట్ట రైతుకు ఇది తేలికగా అర్థమవుతుంది. మన ఇసుక దుబ్బ నేలలో తడి నిలవదు. మీరేమి చేస్తారు? పశువుల ఎరువు తోలుతారు, అది తడిని పట్టి ఉంచుతుంది. పైన గడ్డి గాని ఆకు గాని కప్పుతారు, అది తడిని ఎగిరిపోనివ్వదు. చర్మానికి వాడే మంచి దినుసులు కూడా ఈ రెండు పనులే చేస్తాయి. కొన్ని తడిని పట్టి ఉంచేవి, కొన్ని పైన కప్పేవి.

తడిని పట్టేవాటిలో ముఖ్యమైనది గ్లిజరిన్. మందుల దుకాణంలో చిన్న సీసా తక్కువ ధరకే దొరుకుతుంది. ఇది ఎక్కడనుంచో వచ్చినది కాదు. కొబ్బరినూనె, పామాయిలు వంటి నూనెలనుంచి సబ్బు చేసేటప్పుడు విడిపోయే పదార్థమే గ్లిజరిన్. దీనిని చిక్కగా ఎండిన చర్మానికి రాస్తే ఒక్కొక్కప్పుడు లోపలి తడినే పైకి లాగుతుంది. అందువల్ల ఒక వంతు గ్లిజరిన్‌కు రెండు వంతులు కాచి చల్లార్చిన నీరు కలిపి, చెయ్యి తడిగా ఉండగానే రాసుకోవలె. ఏ పూటకాపూట కలుపుకోండి. నీరు కలిసిన పదార్థం నిలవ ఉంటే అందులో క్రిములు చేరుతాయి.

పైన కప్పేవాటిలో నూనెలు, నెయ్యి, తేనెమైనం, వాసెలిన్ ముఖ్యమైనవి. వాసెలిన్ కథ వినదగినది. 19వ శతాబ్దంలో అమెరికాలో భూమిలోంచి చమురు తీసే బావుల దగ్గర, యంత్రపు కడ్డీలకు మైనం వంటి జిడ్డు పట్టేది. అక్కడి కూలీలు దానిని తమ దెబ్బలకు, కాలిన గాయాలకు రాసుకొనేవారు. చీజ్‌బ్రో అనే ఆయన దానిని గమనించి, శుద్ధిచేసి, 1872లో వాసెలిన్ పేరుతో పేటెంటు పొందాడు. అనగా అది మొదట కూలిమనిషి కనుక్కొన్న మందే. దానిలో చర్మానికి ఆహారమేమీ లేదు. తడిని బయటకు పోనివ్వదు, అంతే. ఆ ఒక్క పని మాత్రం మిగతా వాటికంటె బాగా చేస్తుంది.

కొబ్బరినూనె సంగతి మన గోదావరి జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేదు. దానిలోని కొవ్వు ఆమ్లాలలో సుమారు సగం లారిక్ ఆమ్లం. ఎండిన చర్మానికి మంచిది. కాని మొటిమలున్న మొహానికి కొబ్బరినూనె పట్టించవద్దు, రంధ్రాలు మూసుకొని మొటిమలు ఎక్కువవుతాయి. కొబ్బరి తోటలో, పామాయిల్ తోటలో అంతరపంటగా కోకో వేసినవారు మీలో చాలామంది ఉన్నారు. ఆ గింజలోంచి తీసే కోకో వెన్న కూడా కప్పే దినుసే. సుమారు 34 డిగ్రీల వేడికి కరుగుతుంది, అందుకే వంటి వేడికే చర్మం మీద జారిపోతుంది. మీరు గింజలు కిలోల లెక్కన అమ్ముతారు. అది వెన్నై, చిన్న డబ్బాలో గ్రాముల లెక్కన మీ ఇంటికి తిరిగివస్తుంది.

ఇప్పుడు డబ్బా మీద వ్రాత చదవడం ఎలాగో చెబుతాను. సౌందర్య సాధనాల డబ్బాల మీద దినుసుల పేర్లు ఎక్కువ పాలున్నది ముందు, తక్కువ పాలున్నది వెనుక వచ్చేటట్లు వ్రాయడం పద్ధతి. పిల్లలు ఇంగ్లీషు చదువుతారు గనుక వారిచేత చదివించండి. ఆక్వా అని ఉంటే అది నీళ్ళు. పెట్రోలేటం అంటే వాసెలిన్ సరుకే. గ్లిజరిన్ అని మొదటి నాలుగైదు పేర్లలో ఉంటే ఆ క్రీము పొడి చర్మానికి పనికివచ్చేదే. అట్ట మీద కుంకుమపువ్వు బొమ్మ పెద్దగా వేసి, లోపలి వ్రాతలో ఆ పేరు అట్టడుగున ఉన్నదంటే, ఉన్న పాలు చిటికెడన్నమాట. మీరు బొమ్మకు డబ్బు ఇస్తున్నారు.

సబ్బు మీద సోడియం పామేట్ అని ఉంటుంది. అది పామాయిలుతో చేసిన సబ్బు. సోడియం కోకోయేట్ అంటే కొబ్బరినూనెతో చేసినది. సబ్బు మీద టి.ఎఫ్.ఎం. అనే అంకె కూడా చూడండి. అది సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం నూటికి ఎంతో చెప్పే అంకె. భారతీయ ప్రమాణాల ప్రకారం 76 గాని అంతకుమించి గాని ఉంటే మొదటి తరగతి, 70 ఉంటే రెండవ తరగతి, 60 ఉంటే మూడవ తరగతి. టాయిలెట్ సబ్బు అని కాక, స్నానపు బార్ అని ఉంటే అందులో ఇంకా తక్కువ ఉండవచ్చును. అంకె తగ్గినకొద్దీ నింపుడు సరుకు ఎక్కువ. బస్తా మీద నత్రజని ఎంత అని చూసే కన్నే ఇక్కడా చూడవలె.

నత్రజని అంటే గుర్తుకు వచ్చింది. కాలి పగుళ్ళకు మందుల దుకాణంలో అమ్మే మంచి క్రీములు కొన్నింటిలో యూరియా అని ఉంటుంది. మీరు ఆశ్చర్యపడవద్దు. మన చర్మంలో సహజంగానే కొంత యూరియా ఉన్నది, అది తడిని పట్టి ఉంచుతుంది. నూటికి పది నుంచి ఇరవై ఐదు పాళ్ళు యూరియా ఉన్న క్రీము మడమల గట్టి చర్మాన్ని మెత్తబరుస్తుంది. అయితే, బాబ్బాబు, ఇంటికి వెళ్ళి పొలం బస్తాలోని యూరియా నీళ్ళలో కలిపి కాళ్ళకు పూయకండి! అది పొలం కోసం చేసినది. దానికి వేపనూనె పూత ఉంటుంది, చర్మానికి పనికిరాని ఇతర పదార్థాలూ ఉండవచ్చును. పేరొక్కటే, సరుకు వేరు. మళ్ళీ మ్యూరియేట్, సల్ఫేట్ కథే.

పగుళ్ళకు మన ఊళ్ళలో నల్లజీడి కాల్చి ఆ నూనె చుక్క పెట్టే అలవాటున్నది. దయచేసి మానండి. జీడిలోని నూనె చర్మాన్ని కాల్చి పుండు చేస్తుంది. పచ్చి జీడిమామిడి గింజల పెంకులో ఉన్న నూనె కూడా అటువంటిదే. జీడిగింజలు ఒలిచేవారి వేళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది.

మరి ఏమి పెట్టాలి? ఇంట్లో చేసుకోదగిన మైనపు మందు ఒకటి చెబుతాను, కాగితం మీద వ్రాసుకోండి. కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని నూరు గ్రాములు. తేనెమైనం ఇరవై గ్రాములు. బుట్టాయగూడెం, పోలవరం వైపు మన్యంలో తేనె తీసేవారి దగ్గర మైనం దొరుకుతుంది. ఒక గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, అందులో చిన్న గిన్నె ఉంచి, ఆ చిన్న గిన్నెలో నూనె, మైనం వేయండి. మంట మీద నేరుగా పెట్టవద్దు, అంటుకొనే ప్రమాదమున్నది. మైనం సుమారు 62 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. కరిగిన తరువాత దించి, గుడ్డలో వడకట్టి, బాగా ఆరిన మూతడబ్బాలో పోయండి. చల్లారితే వెన్నలా గట్టిపడుతుంది. ఇందులో నీటిచుక్క పడకూడదు. తడిచేత్తో తీయకూడదు. నీరు తగలకపోతే నెలల తరబడి ఉంటుంది.

వాడే పద్ధతి కూడా ముఖ్యమే. రాత్రి పడుకోబోయే ముందు చేతులు గాని కాళ్ళు గాని గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు ఉంచి, గుడ్డతో అద్ది, కొంచెం తడి ఉండగానే ఈ మందు రాయండి. తడి మీద కప్పవలె, పొడినేల మీద గడ్డి కప్పి ఏమి లాభం? పైన పాత నూలు మేజోడు తొడగండి. రెండు మూడు వారాలు వదలకుండా చేయండి. మధుమేహం ఉన్నవారు మాత్రం వేడినీటిలో కాళ్ళు పెట్టవద్దు. వారికి స్పర్శ తగ్గి, కాలినా తెలియదు. కాలికి పగులు కనబడితే వారు నేరుగా డాక్టరుకే చూపించుకోవలె.

ఇక పొగాకు జిగురు. ముందు సబ్బు, నీళ్ళతో కడగండి. సబ్బుకు లొంగని బంక మిగిలితే, దాని మీద కాస్త వంటనూనె రాసి, రుద్ది, పాతగుడ్డతో తుడిచి, మళ్ళీ సబ్బుతో కడగండి. జిగురుకు జిడ్డు విరుగుడు. కిరసనాయిలు అక్కరలేదు. తరువాత మైనపు మందు రాసుకోండి.

కాని సబ్బు ముందు, నూనె తరువాత అన్న వరుస తప్పవద్దు. ఆకులో నికొటిన్ ఉన్నది. తెల్లవారుజామున మంచులో తడిసిన ఆకు కోసేవారికి, వర్షానికి తడిసిన ఆకు మోసేవారికి ఆ నికొటిన్ తడిలో కరిగి చర్మం గుండా వంట్లోకి ఎక్కుతుంది. తలతిప్పు, వికారం, వాంతులు, నీరసం వస్తాయి. 1970లో అమెరికాలోని ఫ్లోరిడాలో డాక్టర్లు ఈ జబ్బును మొదట వివరించారు. ఎండదెబ్బ అనుకొని మజ్జిగ తాగి పడుకొంటే సరిపోదు. మంచు ఆరిన తరువాత కోయండి. రబ్బరు తొడుగులు వేసుకోండి. తడిసిన బట్టలు వెంటనే మార్చండి. గర్భిణీ స్త్రీలను, పిల్లలను పచ్చి ఆకు పనికి పెట్టవద్దు. పగిలిన చేతులకు విషం మరింత తేలికగా ఎక్కుతుంది. చేతుల సంరక్షణ అందానికి సంబంధించిన విషయం కాదని నేను అనడం ఇందుకే.

పురుగుమందు సంగతీ అంతే. వంటి మీద అన్నిచోట్లా చర్మం ఒకే మందం కాదు. 1971లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, ముంజేతి చర్మం కంటె నుదుటి చర్మం గుండా పురుగుమందు సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా లోపలికి పోతున్నట్లు తేలింది. మర్మాంగాల దగ్గర ఇంకా ఎక్కువ. కాబట్టి మందు చల్లుతూ ఆ చేత్తోనే నుదుటి చెమట తుడుచుకోవద్దు. మందు కొట్టబోయే ముందు వంటికి నూనె పట్టిస్తే కాపాడుతుందని కొందరనుకొంటారు. అది పొరపాటు. చాలా పురుగుమందులు నూనెలో కరిగేవే, నూనె వాటిని ఇంకా దగ్గరకు తీస్తుంది. మందు మీద పడితే బట్టలు విప్పివేసి, సబ్బుతో, ధారాళమైన నీటితో వెంటనే కడగవలె. అక్కడ నూనెకు పనిలేదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. నేను చెప్పిన ఆవిడ చేతులు మానుతున్న రోజుల్లోనే, ఆవిడ నడుము దగ్గర, మెడ దగ్గర తామర మచ్చలు కనబడ్డవి. దురదకు ఎవరో చెప్పగా దుకాణంలో ఒక క్రీము కొని రాసుకొన్నదట. రెండు రోజుల్లో దురద పోయింది. మానగానే రెండింతలై వచ్చింది. మళ్ళీ రాసింది. అలా ఆరు నెలలు. ట్యూబు చూపించమని చదివాను. అందులో స్టిరాయిడ్ ఉన్నది.

స్టిరాయిడ్ మంచి మందే, డాక్టరు చేతిలో. కాని తామర ఒక బూజు జాతి తెగులు. స్టిరాయిడ్ దురదను, ఎరుపును అణచివేస్తుంది గాని బూజును చంపదు. పైపెచ్చు శరీరపు కాపలాను నిద్రపుచ్చుతుంది. తెగులు లోపల హాయిగా పాకుతుంది. మొహానికి తెలుపు వస్తుందని ఇదే జాతి క్రీములు రాసుకొనే ఆడపిల్లలు కూడా ఉన్నారు. మొదట నునుపుగా కనబడుతుంది. తరువాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, మొహాన వెంట్రుకలు వస్తాయి. మానితే మండుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి స్టిరాయిడ్ పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ మీదనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది. కనుక ట్యూబు మీద క్లోబెటాసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అనే పేర్లలో ఏది కనబడినా, డాక్టరు వ్రాయనిదే ముట్టవద్దు. ఇప్పటికే చాలాకాలంగా రాస్తున్నవారు ఒక్కసారిగా మానకుండా డాక్టరును అడిగి మానండి.

రెండవ ప్రమాదం పాదరసం. దినుసుల పేర్లే లేకుండా, తయారుచేసినవారి చిరునామా లేకుండా, వారంలో తెల్లబరుస్తామని అమ్మే క్రీములలో పాదరసపు లవణాలు ఉండవచ్చును. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో మూత్రపిండాలు దెబ్బతిన్న కొందరు రోగుల సంగతి విచారిస్తే, వారు వాడిన తెలుపు క్రీములలో పాదరసం ఎక్కువగా ఉన్నట్లు బయటపడింది. చిరునామా లేని విత్తనం ప్యాకెట్టు కొనవద్దని మేము చెబుతాము. చిరునామా లేని క్రీమూ అంతే. మరొక మాట. చామనచాయ తెగులు కాదు. తెగులు లేని పైరుకు మందు కొట్టించేవాణ్ణి మీరేమంటారు?

చివరగా, మంచిదని తెలిసిన దినుసైనా అందరికీ పడుతుందని చెప్పలేము. వేపనూనె, పసుపు, తేనె, ఏదైనా సరే. కొత్త విత్తనం వస్తే ఐదెకరాలూ ఒకేసారి వేయరు గదా, ఒక మూల నాలుగు సెంట్లలో వేసి చూస్తారు. అలాగే కొత్తది ఏది వచ్చినా మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్ళంత చోట రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. దద్దు, మంట, దురద లేకపోతే అప్పుడు వాడండి. పసుపు కొమ్ములు కొని ఇంట్లో దంచుకోండి, రంగు కలిపిన పొడి బాధ తప్పుతుంది. వేపనూనెను చిక్కగా రాయవద్దు, పసిపిల్లలకు లోపలికి అసలే పట్టవద్దు. చీము, జ్వరం, పాకే మచ్చ, స్పర్శ లేని మచ్చ – వీటిలో ఏది ఉన్నా ఇంటి దినుసులతో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

ఆవిడ సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. కిరసనాయిలు మానింది. మైనపు మందు రాసుకొన్నది. చేతుల బీటలు సుమారు నెలరోజులకు పూడినవి. తామరకు మాత్రం ఇంటి దినుసు పనిచెయ్యదని ముందే చెప్పి ఆసుపత్రికి పంపాను. డాక్టరుగారిచ్చిన మందు చాలా వారాలు వాడవలసి వచ్చింది. మార్చి నెలలో మళ్ళీ ఆ బ్యారన్ దగ్గర కనబడింది. ఈసారి చేతులు దాచుకోలేదు. "చేత్తోనే కలుపుకొని తింటున్నానండి బాబుగారూ" అన్నది. పిల్లవాడి సంగతి నేను అడగలేదు. వాడు పక్కనే ఆవిడ చెయ్యి పట్టుకొని నిలబడి ఉన్నాడు.

రైతు సోదరులారా, సోదరీమణులారా! మీరు ఈసారి అంగడికి వెళ్ళినప్పుడు ఎరువు బస్తాతోపాటు సబ్బు బిళ్ళ మీద వ్రాత కూడా ఒక్కసారి చదవండి. ఉన్నది ఏమిటి, వెంట వచ్చేది ఏమిటి అని అడగండి. దుకాణదారు చెప్పలేకపోతే కొనవద్దు. నా వంటి అధికారి వచ్చి నిమ్మచెక్క రుద్దుకోమంటే, "ఎందుకండీ?" అని వానినీ అడగండి.

సెలవు.